నేను పడిన వార్త వెంబడి మూడు ఊళ్ళు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారిలో ఉంటాయి. మా నల్లమాడ వైపు వాళ్ళు ఆసుపత్రికో, పట్టుచీర కొనడానికో అటు పోయి, పని కాగానే తిరిగొస్తారు. నేను పోయింది ఒక పెళ్ళి చెడిపోకుండా చూసుకోవడానికి. ఆ పెళ్ళి చెడేదాకా వచ్చింది నేను కింద పడినందువల్ల. అందుకే ముందు ఆ పడిన సంగతి చెప్పాలి.

వరసలో చెప్పులు

ఆ ఏడాది వానలకు ముందు నల్లమాడలో సబ్సిడీ మీద వేరుశనగ విత్తనం ఇస్తామన్నారు. తెల్లారకముందే పోతే వరస అప్పటికే రోడ్డు దాటింది. మా వైపు విత్తనాల వరసలో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. ఎవరి చెప్పులు వాళ్ళు వరసలో విడిచి, గాలికి పోకుండా పైన ఒక రాయి పెట్టి, నీడకు పోయి కూర్చుంటారు. నేనూ అట్లాగే చేశాను. సాయానికని ధర్మవరం నుంచి వచ్చిన మా తమ్ముడి మనవడు హరి నా పక్కన కూర్చున్నాడు.

లారీ వచ్చిందనగానే అందరూ ఒక్కసారిగా లేచి చెప్పుల దగ్గరికి పరుగు తీశారు. నేను నా జత కోసం వంగాను. వెనకనుంచి జనం వచ్చి పడ్డారు. నేను ముందుకు బోర్లాపడ్డాను. రాయి తగిలి నుదురు చిట్లింది. హరి నా చెయ్యి పట్టుకుని పైకి లేపాడు. ఎవరూ కావాలని తోయలేదు. నుదుటికి కుట్లు వేశారు. ఆ రోజు వచ్చిన విత్తనం మూటలు వరసలో సగం మందికి కూడా చాలలేదు. జరిగింది ఇంతే.

మర్నాడు ఇది రెండు పేపర్లలో వచ్చింది. నేను మూడో తరగతితో బడి మానేశాను గాని, పేపరు కూడబలుక్కుని చదువుకుంటాను. ఒక పేపరులో, ధర్మవరం నుంచి వచ్చిన హరి అనే పార్టీ కుర్రవాడు వరసలో ముందుకు పోవడానికి ఒక వృద్ధురాలిని చెయ్యి పట్టి లాగి పడేశాడని రాశారు. ఇంకో పేపరులో, హిందూపురం నాయకుడి అనుచరులు వరసలో చొరబడి వృద్ధురాలిని తోసేశారని రాశారు. ఒకదాంట్లో నా వయసు డెబ్బై, ఇంకోదాంట్లో ఎనభై. అవీ తప్పే.

ఇందులో చిక్కు ఏమిటంటే, నాకు హిందూపురంలో చెల్లెలు సరోజ, ధర్మవరంలో తమ్ముడు రామచంద్ర ఉన్నారు. సరోజ కొడుకు వెంకటేశు ఆ హిందూపురం నాయకుడి వెంట తిరుగుతాడు. రామచంద్రది అవతలి పార్టీ. వెంకటేశు కూతురు గీతను రామచంద్ర మనవడు హరికి ఇవ్వాలని ఉగాది తర్వాత పెళ్ళి నిశ్చయానికి వక్కాకు మార్చుకున్నారు. మా ఇళ్ళలో వక్కాకు పళ్ళెం ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి నేరుగా పోదు. ఇంటి పెద్ద ఒకరు మధ్యన కూర్చుని ఒకరి దగ్గర అందుకుని ఇంకొకరికి అందించాలి. ఆ రోజు పెద్దదాన్ని నేనే. మేనమామ రామచంద్ర, మేనల్లుడు వెంకటేశు ఒకరి పార్టీని ఒకరు ఎగతాళి చేసుకుంటూ నా ఎదురుగానే ఓలిగలు తిన్నారు. మా వైపు బొబ్బట్లను ఓలిగలంటాం. అప్పటికి పార్టీలు ఓలిగలకు అడ్డం రాలేదు.

పేపర్లు వచ్చిన మూడో నాడు మా ఊరి ఎస్టీడీ బూతుకు గీత ఫోన్ చేసింది.

"అవ్వా, నాయన వక్కాకు తిరిగిచ్చేస్తానంటాండాడు. ధర్మవరంలో తాత కూడా అదే మాటంట. హరి చెప్పినాడు. నువ్వొకసారి రా."

సంచిలో రెండు చీరలు పెట్టుకుని బయలుదేరాను.

హిందూపురం

హిందూపురం బస్సు దిగగానే ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగులుతుంది. కొత్తవాళ్ళు తుమ్ముతారు, ఊరివాళ్ళకు తెలియనే తెలియదు. మనుషులు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు. అరటిపళ్ళ ఆమెను డజను ఎంతని అడిగితే పది రూపాయలంది. ఎనిమిదికి ఇమ్మన్నాను.

"దుడ్లు సంచిలో పెట్టుకుని పళ్ళు సూసి పోవ్వా, నాకేం నష్టం లేదు" అంది.

తొమ్మిదికి తెగింది. నా నుదుటి కట్టు చూసి ఒక పండు ఎక్కువ వేసింది. అందుకని కట్టు విప్పకుండానే చెల్లెలి ఇంటికి పోయాను.

మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి. మేము సంగటిలో బియ్యం కలుపుతాం. వాళ్ళు ఒట్టి రాగిపిండితో నున్నగా ముద్ద కట్టి, నమలకుండా మింగమంటారు. నాకు నమలనిది తిన్నట్టు ఉండదు. ముద్ద సగంలో ఉండగానే వెంకటేశు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నొప్పి తగ్గిందా పెద్దమ్మా? ఆ హరిగాడు ఇంత పని చేస్తాడనుకోలేదు."

"హరి నన్ను లేపినాడురా."

"నువ్వట్లే చెప్తావులే. తమ్ముని మనవడు కదా."

"పడింది నేను."

"పడినోళ్ళకి ఎనకనుంచి లాగిందెవరో ఎట్లా తెలుస్తుంది పెద్దమ్మా? సూసినోళ్ళు రాసినారు."

సరోజ వంటింట్లోంచి అంది: "వాడితో వాదం పెట్టుకోవద్దక్కా. నిన్న చారులో ఉప్పు లేదంటే, లేదు అని పేపర్లో వేసినారా అని అడిగినా."

వెంకటేశు నవ్వలేదు. వాడు చెడ్డవాడు కాదు. నా ఆసుపత్రి ఖర్చు ఎంతైందని అడిగి, నేను చెప్పకముందే జేబులో చెయ్యి పెట్టాడు. నేను తీసుకోలేదు. వాడి లెక్క ప్రకారం, పెద్దమ్మను పడదోసినవాడి ఇంటికి కూతురినివ్వడం కుదరదు. వినడానికి న్యాయమైన మాటే. పడదోయడమనేది జరిగి ఉంటే నేనూ అదే అందును.

చివరికి ఒక మాట అన్నాడు. "తప్పు పడిందని ఆ పేపరోళ్ళే వేస్తే నమ్ముతా. రేపే మామకు ఫోన్ చేసి తప్పైందంటా."

గీత పళ్ళాలు తీస్తూ నా పక్కకు వంగి మెల్లగా చెప్పింది. "ఆ పేపరాయన ఎనక సందులోనే ఉంటాడవ్వా."

విలేకరి ఇంట్లో

ఆ పేపరుకు హిందూపురం విలేకరి ముప్పై దాటినవాడు. ఇంటి ముందు గదిలో చిన్న ఫ్యాన్సీ దుకాణం కూడా నడుపుతాడు. నా కట్టు చూసి కుర్చీ వేశాడు. సంగతి చెప్పాను.

"రాసింది నేను కాదవ్వా, నల్లమాడ ఆయన. కానీ ఎట్లా రాసినాడో చెప్పగలను." గల్లాపెట్టె పక్కన ఉన్న స్కేలు తీసి చూపించాడు. "మాకు జీతాల్లేవు. నెలాఖరుకు మేం రాసిన వార్తలు కత్తిరించి, అంటించి పంపితే, ఆడ స్కేలు పెట్టి కొలిచి దుడ్లిస్తారు. ముసలామె జారి పడింది అంటే ఎంతొస్తుంది? రెండు లైన్లు. అదీ వేస్తే. పార్టీవాళ్ళు తోసినారంటే ఫొటోతో పావు పేజీ."

"విత్తనాలు సగం మందికి చాలలేదు. అది రాయకూడదా?"

"ప్రతి ఏడాదీ చాలవు కదవ్వా. వార్త యాడుంది అందులో?"

ఆ ముక్క నాకు కింద పడినదానికన్నా గట్టిగా తగిలింది. రెండు పేపర్లలో వచ్చిన ఆ గొడవ చూసి అధికారులు భయపడి, పోలీసులొచ్చేదాకా విత్తనం ఇవ్వడం ఆపేశారు. అదను దాటిపోతుందని ఊళ్ళో జనం బయట ఎక్కువ ధర పెట్టి కొన్నారు. అది కూడా ఏ పేపరులోనూ రాలేదు.

సవరణ వేయించగలవా అని అడిగాను. ఫోన్ చేసి కనుక్కుంటానని లోపలికి పోయి, కాసేపటికి వచ్చాడు.

"వేస్తారంటవ్వా. రెండు లైన్లు. మీ నల్లమాడ వార్తలొచ్చే కదిరి పేజీలో."

"మంచిది. మా వెంకటేశుకు చూపిస్తా."

"ఈడ కనపడదు. ఒక్కో వైపుకు ఒక్కో పేజీ ఉంటుంది. ఈడికి హిందూపురం పేజీ వస్తుంది, ధర్మవరానికి ధర్మవరం పేజీ. కదిరి పేజీ కదిరోళ్ళే చదువుతారు."

"మరి నేను పడిన వార్త అన్ని ఊళ్ళకూ ఎట్లా పోయింది?"

"అది పార్టీల తగువు. జిల్లా మొదటి పేజీ."

కాఫీ ఇచ్చాడు, తాగాను. ఆయన మీద నాకు కోపం రాలేదు. కొలత పెట్టి కూలి ఇస్తే ఎవరైనా పొడుగ్గానే నేస్తారు. కానీ ఆ రెండు లైన్లు ఎవరికి కావాలో వాళ్ళ కంట పడవని తెలిసింది. ఇక ఆ సవరణ నేనే మోసుకుని పోవాలి.

పెనుకొండ

సరోజ నా చేతిలో ఒక పొట్లం చక్కెర పెట్టి, పెళ్ళి నిలబడాలని పెనుకొండ దర్గాలో చదివించి పొమ్మంది. మా వైపు హిందువులు కూడా ఆ దర్గాకు మొక్కుకుంటారు. అందుకని ప్యాసింజరు రైలులో పెనుకొండ దిగాను.

ఊరి మీదికి వంగినట్టు కొండ, దాని మీద కోటగోడ. ఇంత పెద్ద కోట ఉన్నా ఊళ్ళోవాళ్ళెవరూ తల ఎత్తి దానివైపు చూడరు. దర్గాలో ముజావరు చక్కెర మీద ఫాతెహా చదివి, కొంచెం తీసి తక్కినది నా చేతిలో పోశాడు. ఏ పని మీద మొక్కావని అడగలేదు. నాలుగు రోజులుగా నన్ను ఏమీ అడగని మనిషి ఆయనొక్కడే.

బయట టీ అంగట్లో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాను. రెండూ కలిపి అయిదు రూపాయలు. మా నల్లమాడలో నాలుగే. అంగడి యజమాని ఖాదర్ సాబు పొయ్యికి అటొక బెంచి, ఇటొక బెంచి వేశాడు. ఒక బెంచి మీద ఒక పేపరు, రెండో బెంచి మీద రెండోది. అందరూ వచ్చి తమ పార్టీ పేపరున్న బెంచి మీదే కూర్చుంటున్నారు. అటు ఖాళీ ఉన్నా ఇటువాళ్ళు నిలబడే తాగుతున్నారు.

నేను తింటూ ఉండగానే నా మాటే వచ్చింది.

"నల్లమాడలో ఆ ముసలామెని తోసినోళ్ళని ఇంకా పట్టుకోలేదంట" అన్నాడు ఒక బెంచి మీది పంచె ఆయన.

"తోసిందెవరబ్బా? మీవాడే కదా లాగింది" అని అవతలి బెంచి.

"పాపం, ఆయమ్మ పోయిందని కూడా అంటాండారు" అన్నారింకెవరో.

"పోలేదప్పా. బజ్జీ తింటాండా" అన్నాను.

రెండు బెంచీలూ నావైపు తిరిగాయి. కట్టు చూశారు. ఒకాయన లేచి నాకు చోటిచ్చాడు. అవతలాయనా లేచి చోటిచ్చాడు. ఎటు కూర్చుంటే అటు పార్టీ అవుతానని తోచి, నిలబడే ఉన్నాను.

"ఎవరు తోసినారో చెప్పవ్వా, భయపడాకు" అన్నాడు పంచె ఆయన.

"ఎవరూ తొయ్యలేదు. చెప్పుల కోసం వంగి పడినా."

అవతలాయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అసలు ఆమె నువ్వేనని గ్యారంటీ ఏముండాది?" అన్నాడు. ఆ మాటకు పంచె ఆయన కూడా తలాడించాడు. వాళ్ళిద్దరూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే. తర్వాత ఇద్దరూ తమ పేపర్లలో తలపెట్టి నన్ను మరిచిపోయారు.

ఖాదర్ సాబు గ్లాసులు కడుగుతూ అన్నాడు. "రెండు పేపర్లూ చదివేది ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అమ్మా. అది కూడా బజ్జీలు కట్టేటప్పుడు."

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నా వార్త వచ్చిన నాటి పేపర్లు పాతవాటిలో ఉన్నాయేమో వెతకమన్నాను. రెండూ దొరికాయి. ఒకదానికి నూనె మరక. అర్ధరూపాయి ఇస్తానంటే వద్దన్నాడు. ఊరికే తీసుకోవడం నాకు ఇష్టం లేక ఇంకో బజ్జీ కొన్నాను.

ధర్మవరం

ధర్మవరంలో ఏ సందులో నడిచినా మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. గడపల ముందు ఆడవాళ్ళు కూర్చుని కండెలు చుడుతూ, చేతులు ఆపకుండానే వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తారు. మా తమ్ముడు చీరల వ్యాపారంలో చేరి ఆ ఊళ్ళో స్థిరపడ్డాడు. వాడి వరండాలో గీత పెళ్ళిచీర తయారై మడతపెట్టి ఉంది. ధర అడిగాను. చెప్పాడు. ఇక్కడ చెప్పను. ఆ డబ్బుకు మేము రెండెకరాలు విత్తుకుంటాం.

"పెద్దక్కా, హిందూపురం పోయొచ్చినావంటనే. నిన్ను పడేసినోళ్ళ ఇంట్లో ముద్ద ఎట్లా దిగింది?" అన్నాడు రామచంద్ర.

"నమలకుండా మింగమన్నారు, దిగింది. వెంకటేశు ఆ రోజు నల్లమాడకే రాలేదురా."

"వాడు రాడు. మనుషుల్ని పంపుతాడు."

నేను సంచిలోంచి నూనె మరక పేపరు తీసి ఇచ్చాను. అది వెంకటేశు ఇంట్లో తెప్పించేది. మా తమ్ముడు దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. గట్టిగా చదవమన్నాను. చదివాడు. హరి పేరు రాగానే గొంతు మారింది.

"ఒట్టి అబద్ధం. హరి నిన్ను లాగడమేంది? వాడు లేపినాడని నువ్వే చెప్తివి కదా."

"చెప్పినా. నీకు హరి తెలుసు కాబట్టి అది అబద్ధమని తెలిసింది. హిందూపురంలో వాళ్ళకు వెంకటేశు తెలుసు. నీ పేపర్లో వాని మనుషుల గురించి వేసిందీ అట్లాంటిదే."

ఇక వాడికి అర్థమవుతుందనుకున్నాను. వాడు పేపరు మడిచి కింద పెట్టాడు.

"సూసినావా అక్కా, నేను చెప్పేది ఇదే. వాళ్ళ పేపరు ఎంత అబద్ధాలకోరుదో. ఇట్లాంటిది రోజూ చదివే ఇంటినుంచి పిల్లను తెచ్చుకుని నా మనవని కొంపలో పెట్టుకోమంటావా?"

బజ్జీ కొని తెచ్చిన పేపరు మంటలో నూనె పోసినట్టయింది. హరి గడపలో నిలబడి అంతా విన్నాడు.

"తాతా, నన్నడుగు. నేనుండా కదా ఆడ."

"నువ్వు పిల్లకోసం చెప్తాండావు."

అక్కడ పడిన నన్నూ, లేపిన వాడినీ నమ్మేవాళ్ళు ఆ మూడు ఊళ్ళలో ఒక్కరూ లేరు.

రామచంద్ర లోపలికి పోయి పళ్ళెంలో ఆకులు, వక్కలు, కొబ్బరికాయ పెట్టుకుని వచ్చాడు. నా ముందు కూర్చుని రెండు చేతులతో చాపాడు. నేను అందుకుంటే ఆ సంబంధం పోయినట్టే. హరి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను చేతులు కొంగు లోపల పెట్టుకున్నాను.

"పట్టుకో అక్కా. నీ చేతులమీదనే పోయింది. నీ చేతులమీదనే రావాల."

"ఇప్పించేదానికి కూర్చున్నా. ఇడిపించేదానికి కూర్చోలా."

"మరి ఎవరికియ్యాల?"

"నేను మధ్యన కూర్చోను కాబట్టి నువ్వే పో. హిందూపురంలో సరోజ చేతిలో పెట్టు. చిన్నప్పుడు నిన్ను చంకన ఎత్తుకు తిరిగింది. దాని మొగం సూసి, నీ కొడుకు అక్కను పడదోయించినాడు అని చెప్పి పెట్టు. పేపరు కూడా తీసుకుపో."

వాడు పళ్ళెం దించలేదు. నేను చేతులు తీయలేదు. ఒక మగ్గం ఆగింది, ఎవరో వినడానికి ఆపినట్టు. చివరికి వాడి కోడలు వచ్చి పళ్ళెం తీసుకుని దేవుడి గూట్లో పెట్టింది. ఆ రాత్రి అన్నంలో నాకు నెయ్యి వేయలేదు. అడిగి వేయించుకున్నాను.

తెల్లవారి బూతునుంచి వెంకటేశుకు కూడా అదే చెప్పాను. తిరిగివ్వాలంటే నా దగ్గరికి రావద్దు, ధర్మవరం పోయి మీ మామ చేతిలో పెట్టు అన్నాను. ఊరికి బయలుదేరాను.

శ్రావణంలో

వాళ్ళిద్దరూ ఫోనులో ఎన్నైనా అనుకున్నారు. కానీ పళ్ళెం పట్టుకుని రైలెక్కి, ఎదుట నిలబడి ఆ మాట అనడానికి ఇద్దరికీ కాళ్ళు రాలేదు. ఆషాఢం గడిచింది. వక్కాకు తిరిగి రాలేదు కాబట్టి పెళ్ళి ఉన్నట్టే. ఒకరి ఊరికి ఒకరు పోమన్నారు. మధ్యన ఉందని పెనుకొండలో కల్యాణమండపం తీసుకున్నారు. అద్దె చెరిసగం. బేరం నేను చేశాను.

పెళ్ళిలో ఇద్దరూ ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడలేదు. అక్షింతలు వేసేటప్పుడు పక్కపక్కన నిలబడ్డారు, అంతే. నేను పడిన సంగతి వాళ్ళకు ఇప్పటికీ రెండు రకాలే. దాన్ని మార్చడం నావల్ల కాలేదు.

భోజనాల వేళ పెనుకొండ విలేకరి ఒకాయన కెమెరాతో వచ్చాడు. రెండు పార్టీల ఇళ్ళు వియ్యమందుతున్నాయని విన్నాడట. మేనమామ, మేనల్లుడు భుజాల మీద చేతులు వేసుకుని నిలబడితే జిల్లా పేజీలో వేయిస్తానన్నాడు. రామచంద్ర, వెంకటేశు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఫొటో పడితే తమ పార్టీవాళ్ళు ఏమంటారోనన్న భయం ఇద్దరి కళ్ళలోనూ ఒకేలా కనిపించింది.

"వద్దప్పా, ఫొటోలు వద్దు. కూర్చో, అన్నం తిను" అన్నాడు రామచంద్ర.

"ఓలిగ ఇంకొకటి వెయ్యండి ఆయనకు" అన్నాడు వెంకటేశు.

విలేకరి తిని పోయాడు. ఆ పెళ్ళి ఏ పేపరులోనూ పడలేదు. అందుకేనేమో, దాని గురించి ఎవరిని అడిగినా, హిందూపురంలో అడిగినా ధర్మవరంలో అడిగినా, ఈ రోజుకీ ఒకే రకంగా చెప్తారు.